శాసనసభలో సభ్యుని వోటు ఎవరిది?

(పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున చదివిన ఉపన్యాసము)



ఈ మందిరమున ప్రతిదినము పత్రికలు చదువువారికి "పక్షము విప్పు జారీచేసినది" అను వాక్యము క్రొత్తది కాదు. "శాసనసభాపక్షము నాయకుని ఎన్నుకొన్నది", "అనర్హత పిటిషనులు స్పీకరు ఎదుట పెండింగులో నున్నవి", "ప్రతిపక్షహోదా లభింపలేదు" అనునట్టివియు తరచుగా కంటబడుచునే యుండును. చదివి పుట త్రిప్పివేయుదుము. ఆ మాటల వెనుక యంత్రము ఎట్లు తిరుగుచున్నదో, మనము వేసిన వోటు ఆ యంత్రములో ఎచ్చట పడి యేమగుచున్నదో విచారించువారు అరుదు. గ్రంథాలయ కార్యదర్శిగారు ఏదేని ఒక విషయముపై మాటాడుడని కోరినప్పుడు మేము దీనినే ఎన్నుకొంటిమి. న్యాయవాదివృత్తిలో నుండుటచేత చట్టముల అక్షరములతో మాకు పరిచయము; గ్రంథాలయోద్యమమున సేవకులముగా ఊళ్ళు తిరుగుటచేత ఆ చట్టములను గురించి సామాన్యులు అడుగు ప్రశ్నలతో పరిచయము. నేటి యుపన్యాసమునకు రెండవదియే మాకు ఎక్కువ ఉపకరించినది.

ఆ ప్రశ్నలలో పదే పదే వినబడునది యిది: "అయ్యా, మేము వోటు వేయునది మనుష్యునకా, గుర్తునకా?" 1950 లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగమును మొదటినుండి తుదివరకు చదివినను రాజకీయపక్షము అను మాట ఆనాడు అందు కానరాదు. సభ్యుడు నియోజకవర్గమునకు ప్రతినిధి. అతని వోటు అతనిది. తప్పుచేసినచో మరల ఎన్నికలు వచ్చినప్పుడు ప్రజలే తీర్పు చెప్పుదురు. ఇది ఆనాటి భావము. పక్షమునకు రాజ్యాంగమున స్థానము దొరకినది 1985 లో, ఏబదిరెండవ సవరణచేత చేర్పబడిన పదవ షెడ్యూలుతో. ఆనాటినుండి సభ్యుని వోటు పక్షమునకు తాకట్టుపడినది. ఈ తాకట్టు ఎందులకు వచ్చినది, ఎవరిని కట్టుచున్నది, ఎవరిని విడిచిపెట్టుచున్నది అనునదే మేము చెప్పదలచినది.

ముందుగా సభలోని పాత్రధారులను పరిచయము చేసికొందము. అధికసంఖ్యాకులగు పక్షమువారు తమలో నొకరిని నాయకునిగా ఎన్నుకొందురు. గవర్నరు ఆయనను పిలిచి ముఖ్యమంత్రిగా నియమించును. సాధారణముగా సభానాయకుడును ఆయనయే. ఏ బిల్లు ముందు రావలెను, ఏ చర్చకు ఎంత కాలమీయవలెను అను విషయములలో ప్రభుత్వపక్షమున మాట చెప్పవలసినవాడాయన. ఎదుటి పక్షములలో పెద్దదానికి నాయకుడైనవాడు ప్రతిపక్షనాయకుడు. నడుమ ఎత్తైన పీఠముపై సభాపతి. ఈ మువ్వురును అందరికిని కనబడువారు. అంతగా కనబడక పనిచేయువాడు నాల్గవవాడు. వానికే విప్పు అని పేరు.

ఇంగ్లండున నక్కలవేటకు పోవునప్పుడు వేటకుక్కలు మంద విడిచి చెదరిపోకుండ కొరడాతో అదలించువాడొకడుండును. ఆ వేటమాటయే పార్లమెంటులోనికి వచ్చినది. సభ్యులు సకాలమున సభకు వచ్చునట్లును, పక్షము చెప్పినట్లు వోటు వేయునట్లును చూచుట ఇతని పని. కేంద్రమున పార్లమెంటరీ వ్యవహారముల మంత్రియే ప్రభుత్వపక్షపు ప్రధాన విప్పు. ఇతడు పంపు ఉత్తరువునకును విప్పు అనియే పేరు. ఆ ఉత్తరువు క్రింద ఒక గీత గీసినచో సమాచారము మాత్రమే. రెండు గీతలు గీసినచో సభకు తప్పక రావలెను. మూడు గీతలు గీసినచో వచ్చి, చెప్పినట్లు వోటు వేయవలెను. తెనుగున విప్పుట యనగా ముడి సడలించుట గదా! మన శాసనసభలలోని విప్పు ముడి బిగించుటకే పుట్టినది.

పక్షనాయకుడు పక్షసభ్యుల సృష్టి యని పుస్తకములు చెప్పును. మన అనుభవము కొంత భిన్నము. 1937 లో మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసు 159 గెలిచి రాజగోపాలాచారిగారి నాయకత్వమున మంత్రివర్గము నేర్పరచినది. రాష్ట్రములలోని ఇట్టి మంత్రివర్గములన్నింటికి పైన సర్దారు పటేలు, రాజేంద్రప్రసాదు, మౌలానా ఆజాదుగారలతో కూడిన పార్లమెంటరీ ఉపసంఘము కాపలా కాచుచుండెను. విదేశప్రభుత్వముతో పోరాడుచున్న సంస్థకు ఆ కట్టడి అవసరమనిరి, మేమును కాదనము. 1946 లో పై పెద్దలకు ఇష్టము లేకున్నను శాసనసభాపక్షము ప్రకాశము పంతులుగారిని నాయకునిగా ఎన్నుకొన్నది. మరుసటి సంవత్సరము మార్చిలో ఆ పక్షమే ఆయనను దింపినది. ఎక్కించినవారే దింపిరి. దానిలో న్యాయముండినను లేకున్నను పద్ధతి యుండెను.

తరువాతి కాలమున ఆ పద్ధతియు పోయినది. 1978 ఎన్నికలకును 1983 ఎన్నికలకును నడుమ ఆంధ్రప్రదేశమునకు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డిగారలు వరుసగా ముఖ్యమంత్రులైరి. హైదరాబాదులో సభ్యులు కూడుదురు, ఢిల్లీనుండి పరిశీలకులు వత్తురు, పేరు చెప్పుదురు, చేతులెత్తుదురు. దానికి ఎన్నిక యని పేరు. ఆ అవమానమే 1983 లో తెలుగుదేశము పక్షమునకు పెట్టుబడియైనది. అయితే ప్రాంతీయపక్షములు వచ్చిన తరువాత ఢిల్లీ కవరు పోయి ఇంటి కవరు వచ్చినదే గాని, నాయకుని ఎంపికలో సామాన్య సభ్యుని పాలు పెరిగినదని చెప్పజాలము. 1995 ఆగస్టులో ఆ పక్షపు శాసనసభ్యులలో అధికులు రామారావుగారిని విడిచి చంద్రబాబునాయుడుగారిని నాయకునిగా చేసికొనుట ఒక మినహాయింపు. అదియు సమావేశమందిరమున కంటె హోటలు గదులలో ఎక్కువగా నడచినది.

ఇక సభాపతి. ఈ పదవికి మన దేశమున చక్కని ఆరంభము కలదు. 1925 లో కేంద్ర శాసనసభకు స్వరాజ్యపక్షపు విఠలభాయి పటేలుగారు రెండు వోట్ల ఆధిక్యముతో అధ్యక్షులుగా ఎన్నికైరి. పీఠమెక్కినంతనే, ఇకమీదట తాము ఒక పక్షపు మనిషిని కామని ప్రకటించిరి. 1928 లో ప్రజారక్షణ బిల్లుపై వోట్లు సరిసమానముగా చీలగా, తమ నిర్ణాయకపు వోటుతో ఆ బిల్లును పడగొట్టిరి. తెలుగువారిలో నీలం సంజీవరెడ్డిగారు 1967 లో లోకసభాపతి యైన పిమ్మట కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చిరి. 1999 ఏప్రిలులో వాజపేయిగారి ప్రభుత్వము 269 వోట్లకు 270 గా, ఒక్క వోటు తేడాతో కూలినప్పుడు పీఠముపై నున్నవారు బాలయోగిగారు. ఆయన వచ్చిన తెలుగుదేశము పక్షము ప్రభుత్వమును బలపరచుచుండెను. ఒరిస్సా ముఖ్యమంత్రియైనను లోకసభ సభ్యత్వము ఇంకను విడువని గమాంగుగారు వోటు వేయవచ్చునా అను ప్రశ్న రాగా, బాలయోగిగారు దానిని ఆ సభ్యుని మనస్సాక్షికే విడిచిరి. ఆ వోటు ప్రభుత్వమునకు వ్యతిరేకముగా పడినది. తమ పక్షమునకు నష్టము కలుగునని తెలిసియు చేయి అడ్డుపెట్టని సభాపతులు మనకు ఉండిరని జ్ఞాపకముంచుకొనుడు. ముందు చెప్పబోవు మాటలకు ఇది అవసరము.

ఈ పీఠమునకే 1985 లో ఒక క్రొత్త భారము నెత్తిన పెట్టిరి. దాని కథ 1967 లో మొదలైనది. ఆ సంవత్సరము పలురాష్ట్రములలో కాంగ్రెసునకు మెజారిటీ పోయి, సభ్యులు అంగడి సరకైరి. హర్యానాలో గయాలాల్ అను సభ్యుడు ఒక్క పక్షము దినములలో మూడుమార్లు పక్షము మార్చెను. తెనుగున పక్షము అను మాటకు రెండర్థములుండుట అతని కొరకే కాబోలు! తరువాత కేంద్రము నియమించిన చవాన్ సంఘము లెక్క తీయగా, ఏడు రాష్ట్రములలో ఫిరాయించిన 210 మంది సభ్యులలో 116 మంది, తాము ఫిరాయించి నిలబెట్టిన మంత్రివర్గములలోనే మంత్రులైరని తేలినది. సగమునకు మించినవారికి కూలి రొక్కముగా ముట్టినదన్నమాట.

మనవారికి 1984 చాలును. ఆగస్టు 16వ తేదీన గవర్నరు రామలాల్ గారు రామారావుగారి మంత్రివర్గమును బర్తరఫుచేసి నాదెండ్ల భాస్కరరావుగారిచేత ప్రమాణము చేయించిరి. శాసనసభ్యులను కర్ణాటకమునకు తరలించి కాపలాపెట్టి కాపాడుకొనవలసి వచ్చినది. సరిగా నెలదినములకు, సెప్టెంబరు 16వ తేదీన, రామారావుగారు మరల ముఖ్యమంత్రియైరి. ఎన్నుకొన్న ప్రతినిధులను పశువులవలె దొడ్డిలో కట్టివేసి లెక్కించుకొనుట మన కన్నులారా చూచితిమి. అట్టి స్థితిలో ఫిరాయింపుల నిషేధ చట్టము వచ్చినప్పుడు దేశము హర్షించుటలో ఆశ్చర్యము లేదు.

చట్టము చెప్పునది రెండే మాటలు. ఒక పక్షపు గుర్తుపై గెలిచిన సభ్యుడు స్వచ్ఛందముగా ఆ పక్షమును విడిచినచో సభ్యత్వము పోవును. పక్షము జారీచేసిన విప్పునకు విరుద్ధముగా వోటు వేసినను, వోటు వేయక మిన్నకున్నను, పదునైదు దినములలోపల పక్షము క్షమింపనిచో సభ్యత్వము పోవును. పోయినదా లేదా యని తేల్చువాడు సభాపతి. మొదట మూడవవంతు మంది చీలిపోయినచో దోషము లేదనిరి. ఆ వెసులుబాటు 2003 లో తొంబదియొకటవ సవరణతో పోయినది. మంత్రుల సంఖ్య సభలో నూటికి పదునైదునకు మించరాదన్న నియమమును ఆ సవరణయే తెచ్చినది. శాసనసభాపక్షమున మూడింట రెండువంతుల మంది మరియొక పక్షమున విలీనమునకు ఒప్పుకొన్నచో మాత్రము నేటికిని దోషము లేదు. ఒకడు అమ్ముడుపోయినచో నేరము. పండ్రెండుగురు కలసి పోయినచో విలీనము. చిల్లరవర్తకము నిషిద్ధము, టోకువర్తకము ధర్మము!

ఇది ఊహించి చెప్పుటలేదు. 2018 డిసెంబరు ఎన్నికలలో తెలంగాణమున కాంగ్రెసు 19 స్థానములు గెలిచినది. ఒకరు లోకసభకు పోగా మిగిలిన 18 మందిలో 12 మంది 2019 జూనులో పాలకపక్షమున విలీనమైరి. ఆ దినముతో భట్టి విక్రమార్కగారి ప్రతిపక్షనాయక పదవియు పోయినది. ప్రజలు ప్రతిపక్షమున కూర్చుండుమని పంపినవారు బల్లలు మార్చి కూర్చుండి, ప్రతిపక్షమునే లేకుండ చేసిరి. కాలచక్రము తిరిగినది. 2023 లో గెలిచినవారు ఓడినవారైరి, ఓడినవారు గెలిచిరి. ఇప్పుడు భారత రాష్ట్ర సమితి గుర్తుపై గెలిచిన పదిమంది కాంగ్రెసు వైపునకు పోయిరను ఫిర్యాదు సభాపతి ఎదుటికి వచ్చినది. నెలలు గడచినవి. 2025 జులై 31వ తేదీన సుప్రీంకోర్టు మూడు నెలలలోపల తేల్చవలసినదిగా ఆజ్ఞాపించి, ఈ పనికి సభాపతులు తగుదురా యని పార్లమెంటే ఆలోచింపవలెనని కూడ పలికినది.

ఆంధ్రప్రదేశమున 2014 కును 2019 కిని నడుమ ప్రతిపక్షమునకు చెందిన 23 మంది సభ్యులు తెలుగుదేశమున చేరిరి. ఇక్కడ మూడింట రెండువంతుల లెక్క కూడ లేదు. వారిలో నలుగురు 2017 ఏప్రిలులో మంత్రులుగా ప్రమాణము చేసిరి. ఒక పక్షము ప్రజలకిచ్చిన గుర్తుతో సభకు వచ్చి, మరియొక పక్షపు మంత్రివర్గమున కూర్చుండుటకంటె స్పష్టమైన సాక్ష్యము ఏ న్యాయస్థానమున కావలెను? అయినను ఆ సభ ఆయువు తీరువరకు వారి సభ్యత్వములు చెక్కుచెదరలేదు. తుదకు తీర్పు చెప్పినది 2019 ఎన్నికలలో ప్రజలే. విచిత్రమేమనగా ఆ యెన్నికలలో తెలుగుదేశమునకు మిగిలిన స్థానములును ఇరువదిమూడే.

మా వృత్తిలో ఒక సామాన్యసూత్రము కలదు: తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదు. సభాపతిని ఎన్నుకొన్నది పాలకపక్షము; మెజారిటీతో దింపగలిగినదియు ఆ పక్షమే; ఫిరాయించి వచ్చినవారు చేరినదియు ఆ పక్షముననే. 1992 లో సుప్రీంకోర్టున ఈ చట్టమును అయిదుగురు న్యాయమూర్తులు విచారింపగా, ముగ్గురు సభాపతిపై నమ్మకముంచి నిలబెట్టిరి. మెజారిటీ దయపై పదవి నిలుచువానికి ఈ తీర్పునధికార మీయరాదని ఇద్దరు భిన్నాభిప్రాయము వ్రాసిరి. తరువాత జరిగిన చరిత్ర ఆ ఇద్దరి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నదని మా దృఢాభిప్రాయము. విఠలభాయి, సంజీవరెడ్డి, బాలయోగిగారలవంటివారు దొరకినప్పుడు చట్టముతో పనిలేదు. దొరకనప్పుడు ఈ చట్టము పనిచేయదు.

ఇంతవరకు చట్టము విడిచిపెట్టిన వారిని గురించి చెప్పితిమి. అది ఎవరిని కట్టినదో కూడ చూడుడు. పక్షమును విడువదలచనివాడు, మంత్రిపదవి అడుగనివాడు, ఒకానొక బిల్లు తన ఊరివారికి హానియని నమ్మి "కాదు" అనదలచినవాడు — ఇట్టివానిని చట్టము గట్టిగా కట్టివేసినది. ఆంధ్రప్రదేశపు భూమిహక్కుల చట్టమునే తీసికొనుడు. అది 2023 లో అమలునకు వచ్చినది. భూమిహక్కుల తగవులను సివిలుకోర్టులనుండి తొలగించి అధికారుల చేతికిచ్చుచున్నదని మా వృత్తివారు రాష్ట్రమంతట కోర్టులు బహిష్కరించిరి. 2024 లో ఎన్నికలైన పిమ్మట క్రొత్త సభ దానిని రద్దుచేసినది. అట్టి బిల్లు సభకు వచ్చిననాడు పాలకపక్షమున రైతుబిడ్డయైన సభ్యుడొకడు లేచి, "మా ఊరిలో పాసుపుస్తకములే సరిగాలేవు, ఇది ఇప్పుడు వలదు" అని వ్యతిరేకముగా వోటు వేసియుండినచో ఏమగును? మూడు గీతల విప్పు ఉండినచో వాని సభ్యత్వమే పోవును. నాలుగుకోట్లకు పక్షము మార్చినవానికిని, నలుగురు రైతుల మాట చెప్పినవానికిని ఒకే శిక్ష. కాదు, మొదటివానికి శిక్షయే లేదు. వాని పిటిషను పెండింగులో నుండును.

ఇంగ్లండునుండియే గదా ఈ కొరడా తెచ్చుకొంటిమి. అచ్చట దానిని ఎట్లు వాడుదురు? 2019 సెప్టెంబరులో ఐరోపా సమాఖ్యనుండి తొలగు విషయమున ప్రభుత్వపక్షపు సభ్యులు 21 మంది విప్పును ధిక్కరించి వోటు వేసిరి. వారిలో చర్చిలు మనుమడును, మాజీ ఆర్థికమంత్రులును ఉండిరి. పక్షము వారిని పార్లమెంటరీపక్షమునుండి వెలివేసినది. కాని సభ్యత్వములు పోలేదు. మరునాడును వచ్చి తమ బల్లలపై కూర్చుండిరి. పక్షము తన ఇంటినుండి గెంటివేయవచ్చును; ప్రజలు పంపిన సభనుండి గెంటజాలదు. ఈ భేదము చిన్నది కాదు. పైగా 2023 లో మహారాష్ట్రపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, విప్పును నియమించునది శాసనసభాపక్షము కాదు, వెలుపలి రాజకీయపక్షమే యని తీర్పుచెప్పినది. ఫిరాయింపులను అరికట్టుటకు అది అవసరమే కావచ్చును. ఐనను ఫలితమేమనగా, సభ్యుని కళ్ళెము సభ వెలుపల నున్నవారి చేతిలో ఉన్నది.

దీనికి ఎదురువాదము కలదు. దానిని దాచుట న్యాయవాదికి తగదు. విప్పు లేకున్నచో ప్రభుత్వము దినమొక గండము గడుపవలసివచ్చుననియు, బడ్జెట్టు పడిపోవుననియు, పక్షము తన ఎన్నికల వాగ్దానములను నెరవేర్చజాలదనియు అందురు. 1954 లో కర్నూలున ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ వివాదముపై అవిశ్వాసతీర్మానమున ఒక్క వోటుతో కూలి, ఆంధ్రరాష్ట్రము రాష్ట్రపతిపాలనలోనికి పోయినది. ఇది గాలిమాట కాదని మేము ఒప్పుకొందుము. కాని ఆ భయము విశ్వాస, అవిశ్వాస తీర్మానములకును, ద్రవ్యబిల్లులకును చెందినది. చేపలచెరువుల బిల్లుపైనను, విశ్వవిద్యాలయముల బిల్లుపైనను ఒక సభ్యుడు భేదించినంతమాత్రాన ప్రభుత్వము కూలదు. 1992 నాటి తీర్పులోనే సుప్రీంకోర్టు ఈ గీటు గీసినది. ప్రభుత్వపు మనుగడకో, పక్షము ఏ ప్రధానవిధానము చెప్పి వోటడిగినదో దానికో సంబంధించిన విషయములలోనే అనర్హతకు దారితీయు విప్పు ఉండవలెనన్నది. అంతకుముందు 1990 లో దినేశ్ గోస్వామి సంఘమును దానిని విశ్వాస, అవిశ్వాస తీర్మానములవంటి కొన్ని ముఖ్యవిషయములకే పరిమితము చేయుడన్నది. పక్షములన్నియు ఆ మాటలను గౌరవముతో ప్రక్కన పెట్టినవి. ఇందులో మాత్రము అధికారపక్షమునకును ప్రతిపక్షమునకును భేదము లేదు.

కట్టు వదులైనచో ఏమగునో మన దేశము ఒకమారు చూచినది. రాష్ట్రపతి ఎన్నికలో విప్పు చెల్లదు. 1969 లో కాంగ్రెసు అధికారికముగా నిలిపినది సంజీవరెడ్డిగారిని. ప్రధాని ఇందిరాగాంధిగారు మనస్సాక్షి ననుసరించి వోటు వేయుడనిరి. గెలిచినవారు వరాహగిరి వెంకటగిరిగారు. ఇద్దరును తెలుగువారే. ఆనాడు పక్షము చీలినది గాని రాజ్యము చీలలేదు. అయితే నాయకులు మనస్సాక్షిని తమకు అవసరమైనప్పుడు మాత్రమే పిలుతురని కూడ ఆ కథయే చెప్పుచున్నది.

ప్రతిపక్షనాయకుని మాట కూడ కొంత చెప్పి ముగింతుము. ఇంగ్లండున 1937 లోనే ఈయనకు ఖజానానుండి జీతమిచ్చిరి. ప్రభుత్వమును విమర్శించుటకు ప్రభుత్వమే జీతమిచ్చుట వింతగా తోచును గాని, దానిలో లోతైన వివేకము కలదు. మన పార్లమెంటున 1977 నాటి చట్టము ఈ పదవికి జీతభత్యములను నిర్ణయించినది. అవినీతిని విచారించు పెద్ద అధికారులను ఎంపికచేయు సంఘములలో ఈయనకు చోటున్నది. ప్రభుత్వలెక్కలను తనిఖీచేయు ప్రజాపద్దుల సంఘమునకు 1967 నుండి పార్లమెంటున ప్రతిపక్షసభ్యుడే అధ్యక్షుడగు సంప్రదాయమున్నది. ఇంత పనియున్న పదవి ఎవరికి దక్కవలెను? సభలో పదవవంతు సంఖ్య ఉండవలెనని ఆచారము. ఆ కారణముచేత 2014 లో 44, 2019 లో 52 స్థానములు వచ్చిన కాంగ్రెసునకు లోకసభలో ఈ పదవి దక్కలేదు; 2024 లో 99 రాగా రాహుల్ గాంధిగారికి దక్కినది. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశమున 175 లో 11 స్థానములు వచ్చిన జగన్మోహనరెడ్డిగారి పక్షమునకు ఆ గుర్తింపు లభింపక వివాదము హైకోర్టునకు పోయినది.

హోదా ఎవరికీయవలెనో న్యాయస్థానములు తేల్చుగాక. మేము అడుగునది వేరు. 2017 నవంబరునుండి ఒక పక్షము సభను బహిష్కరించినది. 2021 నవంబరులో మరియొక పక్షనాయకుడు సభలో అవమానము జరిగినదని, ముఖ్యమంత్రిగా తప్ప మరల అడుగిడనని శపథము చేసి వెడలిపోయెను. 2024 తరువాత మొదటి పక్షము మరల హోదా లేనిదే రామన్నది. వారి వారి కోపములకు కారణములుండవచ్చును. కాని ప్రతిపక్షనాయకుని జీతము కోపమునకు కాదు, ప్రశ్నకు. రాజ్యసభలో కమ్యూనిస్టులకు నాయకత్వము వహించి, తరువాత మన శాసనసభలో ప్రతిపక్షమున కూర్చున్న పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటునకు సైకిలుపై పోవుచుండిరని అందరును చెప్పుకొందురు. సైకిలు కంటె ముఖ్యము, ఆయన పోవుచుండెను. ఖాళీబల్లలు వేయు ప్రశ్నలకు ఏ మంత్రియు జవాబు చెప్పనక్కరలేదు.

ఇక చేయవలసినదేమి? విప్పు యొక్క ఉరిశిక్షను విశ్వాసతీర్మానములకును ద్రవ్యబిల్లులకును పరిమితము చేయవలెను. అనర్హతను తేల్చు అధికారమును సభాపతినుండి తీసి, లాభదాయక పదవుల విషయమున నేటికిని జరుగుచున్నట్లు, ఎన్నికల సంఘపు అభిప్రాయముపై గవర్నరు తేల్చునట్లు చేయవలెను. గోస్వామి సంఘము చెప్పినదియు ఇట్టిదే. ఎన్నికల సంఘమునకు కళంకము లేదనుట మా యుద్దేశము కాదు. అది సభలో ఫిరాయించినవాని వోటుతో బ్రతుకునది కాదు, అంతే. టోకు విలీనపు మినహాయింపును తీసివేయవలెను. పోదలచినవాడు రాజీనామాచేసి మరల ప్రజలవద్దకు పోవచ్చును. అదియు సర్వరోగనివారిణి కాదు. 2019 లో కర్ణాటకమున సభ్యులు రాజీనామాలిచ్చి, మంత్రివర్గమును కూల్చి, డిసెంబరు ఉపఎన్నికలలో క్రొత్త గుర్తుపై నిలువగా పెక్కుమందిని ప్రజలే మరల గెలిపించిరి. దానికి మేము ఏమియు చెప్పజాలము. ప్రజలను అడిగి చేసినది వ్యాపారమైనను పద్దులో చేరినది.

మరియొకటి, మన చేతిలోనున్నది. సభలో బిల్లులు చాలవరకు మూజువాణి వోటుతో నెగ్గుచున్నవి. "అనుకూలురు ఔననుడు, ప్రతికూలురు కాదనుడు" అని సభాపతి పలుకును, ఔను గట్టిగా వినబడును, బిల్లు నెగ్గును. ఎవరు ఏ వైపు నున్నారో కాగితముపై నుండదు. ఏ సభ్యుడైనను వోట్ల లెక్కింపు కోరవచ్చును. కోరువారు లేరు, కోరినను అరుదుగా దక్కుచున్నది. మన సభ్యుడు ఈ పట్టణమునకు వచ్చినప్పుడు రోడ్డుపై గోతులను గురించి అడుగుదుము, పింఛనులను గురించి అడుగుదుము, అడుగవలసినదే. "ఈ బిల్లుపై మీరు ఎటు వోటు వేసితిరి, ఎందులకు?" అని ఇంతవరకు ఎవ్వరును అడుగగా మేము వినలేదు. అడిగినచో, విప్పు వచ్చినదనియైనను చెప్పవలసివచ్చును. అప్పుడు ఆ విప్పు ఎవరు పంపిరని రెండవ ప్రశ్న అడుగవచ్చును.

శాసనసభ కార్యక్రమముల నివేదికలను ఈ గ్రంథాలయమునకు తెప్పింపవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము. పదవ షెడ్యూలు తెలుగు ప్రతినొకదానిని మేము వెంట తెచ్చితిమి. ఈ బల్లపై నుంచి పోవుచున్నాము. మొత్తము ఎనిమిది పేరాలు. అందొకటి 1992 లో కోర్టు కొట్టివేసినది, ఒకటి 2003 లో పార్లమెంటు తీసివేసినది. మిగిలినవారు చదువుకొనుటకు ఆరు పేరాలున్నవి, అరగంట చాలును.